పాటలను సక్రమంగా డౌన్‌లోడ్ చేసుకోవడం ఎలా? తిరుపతి విద్యార్థుల కోసం

తిరుపతిలో చదువుకునే విద్యార్థి ఫోనులో పాటలు లేకపోవడం అరుదు. శ్రీనివాస బస్సు స్టేషనులో బస్సు కోసం ఎదురుచూస్తున్నా, రాత్రి రైల్లో హైదరాబాదుకు బయలుదేరినా, అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కుతున్నా ఏదో ఒక పాట తోడుండవలసిందే. ఒకప్పుడు సెల్‌ఫోన్ల దుకాణంలో కొంత డబ్బు ఇచ్చి మెమొరీ కార్డు నిండా పాటలు ఎక్కించుకునేవారు. ఇప్పుడు అదే పనిని ఎవరి హాస్టలు గదిలో వారు, ఏదో ఒక వెబ్‌సైటు తెరిచి చేసుకుంటున్నారు. ఆ పనిలో ఎంత వరకు సక్రమం, ఎక్కడ నుంచి అక్రమం అన్నది చాలామందికి స్పష్టంగా తెలియదు. నేను ఈ ఊళ్లో కొన్నేళ్ల పాటు ఒక చిన్న రికార్డింగ్ స్టూడియోలో పనిచేశాను. ఐదు నిమిషాల పాట కోసం గాయని, మృదంగ విద్వాంసుడు, వయొలిన్ వాయించేవారు, మిక్సింగ్ చేసేవారు ఎన్ని గంటలు కూర్చుంటారో కళ్లారా చూశాను. అందువల్ల ఈ విషయాన్ని నేను తేలికగా తీసుకోలేను. మిమ్మల్ని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. మీకు కావలసిన పాటను తప్పు చేయకుండా ఎలా సంపాదించుకోవాలో ఒక్కొక్కటిగా చెప్పడమే నా ఉద్దేశం.

మొదట మీ ఫోనులో ఏముందో చూడండి

ఫైల్ మేనేజరు తెరిచి పాటలున్న ఫోల్డరులోకి వెళ్లండి. ఏదైనా ఒక ఎంపీ3 ఫైలును ఎంచుకుని దాని వివరాలు చూడండి. గాయకుడి పేరు, ఆల్బమ్ పేరు ఉండవలసిన చోట ఏదో వెబ్‌సైటు పేరు కనిపిస్తే, బొమ్మ మీద అడ్డంగా అదే పేరు అచ్చయి ఉంటే, పాట మొదట్లో రెండు మూడు సెకన్ల పాటు ఆ సైటు ప్రకటన వినిపిస్తే, అది హక్కుదారు ఇచ్చిన ఫైలు కాదని దాదాపు నిశ్చయంగా అనుకోవచ్చు. హక్కు ఉన్న సంస్థ తన పాటపై తన పేరు, గాయకుల పేర్లు, స్వరకర్త పేరు వేసుకుంటుంది గాని, పాటను ఎత్తుకువచ్చినవారి పేరు వేయదు.

స్నేహితులు పంపిన ఫైళ్లు, మీరు ఎప్పుడో కొన్న సీడీ నుంచి ఎక్కించుకున్నవి, ఏదైనా యాప్ లోపల దాచుకున్నవి ఏవో విడివిడిగా గుర్తించండి. ఎక్కడి నుంచి వచ్చిందో మీకే గుర్తులేని పాటలను ప్రస్తుతానికి పక్కన పెట్టండి; వాటి సంగతి చివర్లో చూద్దాం.

"ఉచితమా?" అని కాదు, "అనుమతి ఉందా?" అని అడగండి

ఉచితంగా దొరికే పాటలన్నీ దొంగ పాటలని, డబ్బు కట్టిన పాటలన్నీ సక్రమమని అనుకోవడం ఈ విషయంలో అన్నిటికంటే పెద్ద పొరపాటు. స్వయంగా కళాకారుడే తన పాటను ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోమని పెడితే దాన్ని తీసుకోవడంలో తప్పు లేదు. మరోవైపు, టెలిగ్రామ్‌లో ఎవరో నెలకు కొంత తీసుకుని "అన్ని పాటలూ ఇక్కడే" అని నడిపే గ్రూపుకు మీరు డబ్బు కట్టినంత మాత్రాన ఆ పాటలు మీకు సక్రమంగా వచ్చినట్లు కాదు. ఎందుకంటే ఆ డబ్బులో ఒక్క రూపాయి కూడా పాట చేసినవారికి చేరదు. కాబట్టి ఏ పాట ముందు నిలబడినా రెండు విషయాలు విచారించండి: దీన్ని ఇక్కడ పెట్టినవారికి పెట్టే హక్కు ఉందా, ఉంటే నన్ను దీనితో ఏం చేసుకోమన్నారు? వినమన్నారా, దాచుకోమన్నారా, పంచమన్నారా, మరొక వీడియోలో వాడుకోమన్నారా? ఇవన్నీ వేరువేరు అనుమతులు. వినడానికి ఇచ్చిన అనుమతి దాచుకోవడానికి వర్తించదు.

చట్టం కూడా దాదాపు ఇదే దృష్టితో ఉంది. మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం అమలులో ఉంది. దానికి 2012లో ముఖ్యమైన సవరణలు జరిగాయి. ఆ సవరణ తరువాత, రికార్డింగును ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఏ మాధ్యమంలోనైనా నిల్వ చేయడం కూడా హక్కుదారు హక్కుల్లో భాగమని చట్టంలో స్పష్టంగా రాశారు. తెలిసి ఉల్లంఘిస్తే 63వ సెక్షను కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, రూ. 50,000 నుంచి రూ. 2 లక్షల వరకు జరిమానా ఉంటాయి. లాభం కోసం చేసిన పని కాకపోతే న్యాయస్థానం ప్రత్యేక కారణాలు చూపి శిక్షను తగ్గించవచ్చు. ఈ నేరం పోలీసులు నేరుగా కేసు నమోదు చేయదగినదని, బెయిలు హక్కుగా దొరికేది కాదని 2022 మే నెలలో సుప్రీంకోర్టు తేల్చింది.

"సొంతానికి వాడుకుంటే తప్పు కాదట కదా" అని చాలామంది అడుగుతారు. 52వ సెక్షనులో వ్యక్తిగత వినియోగానికి ఒక మినహాయింపు ఉన్న మాట నిజమే. అయితే అక్కడ ఉన్నది "న్యాయమైన వినియోగం" అన్న షరతుతో కూడిన మినహాయింపు. మీరు కొనుక్కున్న సీడీలోని పాటలను మీ ఫోనులోకి ఎక్కించుకుని వినడం ఆ మాటకు చక్కగా సరిపోతుంది. దొంగతనంగా పెట్టిన సైటు నుంచి మొత్తం ఆల్బమ్‌ను దించుకుని, కొనే అవసరమే లేకుండా చేసుకోవడాన్ని న్యాయమైన వినియోగం అనడం కష్టమని నా అభిప్రాయం. ఆ ఫైలును మరో పదిమందికి పంపిన క్షణంలో అది వ్యక్తిగత వినియోగం కూడా కాకుండా పోతుంది.

అన్నమయ్య కీర్తన విషయంలో మరింత జాగ్రత్త

ఈ ఊళ్లో ఉన్నవారికి ఈ భాగం అన్నిటికంటే ముఖ్యం కనుక కొంచెం వివరంగా చెబుతాను. "అన్నమయ్య ఐదు వందల ఏళ్ల నాటివాడు, పైగా దేవుడి పాట, దీనికి హక్కు ఏమిటి?" అనే మాట నేను లెక్కలేనన్ని సార్లు విన్నాను. సగం నిజం ఉన్న మాట కావడం వల్లే అది మనుషులను తప్పుదారి పట్టిస్తుంది.

తాళ్లపాక అన్నమాచార్యులు 1408 నుంచి 1503 వరకు జీవించారు. ఆయన రచించిన సాహిత్యంపై ఇప్పుడు ఎవరికీ కాపీరైట్ లేదు. రాగిరేకుల్లో ఉన్న ఆ పదాలను మీరు రాసుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు, సొంతంగా పాడుకోవచ్చు. కానీ ఆ రేకుల్లో చాలా వరకు సాహిత్యం, రాగం పేరు మాత్రమే ఉన్నాయి. మనం ఈనాడు పాడుకునే వరసలలో అధిక భాగం గత శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణ శర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణ ప్రసాద్ వంటి మహానుభావులు కూర్చినవి. రాళ్లపల్లి వారు 1979లో, నేదునూరి వారు 2014లో, బాలకృష్ణ ప్రసాద్ గారు 2025లో పరమపదించారు. సాధారణ నియమం ప్రకారం స్వరరచనపై హక్కు, స్వరకర్త మరణించిన మరుసటి సంవత్సరం మొదటి నుంచి 60 ఏళ్ల పాటు ఉంటుంది. దానిపైన గాయకుడికి, వాద్యకారులకు తమ ప్రదర్శనపై 50 ఏళ్ల హక్కు ఉంటుంది. అన్నిటికీ పైన, ఆ పాటను రికార్డు చేసి విడుదల చేసిన సంస్థకు ఆ రికార్డింగుపై విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్ల హక్కు ఉంటుంది.

అంటే మీ చెవిలో మోగుతున్న ఒక్క కీర్తనలో సాహిత్యం అందరిదీ, వరస ఒకరిది, గాత్రం మరొకరిది, రికార్డింగు ఇంకొకరిది. ఐదు వందల ఏళ్ల నాటిది సాహిత్యం మాత్రమే. మీరు డౌన్‌లోడ్ చేసేది సాహిత్యాన్ని కాదు, రికార్డింగును. ఈ తేడాను ఒక్కసారి మనసుకు పట్టించుకుంటే తక్కిన చాలా సందేహాలు వాటంతట అవే తీరిపోతాయి.

దేవుడి పాటకు డబ్బు తీసుకోవడం తప్పన్న వాదన గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారు తాము పాడిన శ్రీ వేంకటేశ సుప్రభాతం రికార్డుపై వచ్చే రాయల్టీని తిరుమల తిరుపతి దేవస్థానం వేద పాఠశాలకు ఇచ్చేశారు. ఆ దానం సాధ్యమైనది ఆ రికార్డును జనం కొన్నందువల్లే. భక్తి పాటకు వచ్చే డబ్బును ఏం చేయాలో నిర్ణయించుకునే అధికారం పాడినవారికి ఉండాలి. ఆ అధికారాన్ని వారి తరఫున మనం తీసుకోకూడదు. మా స్టూడియోలో ఒక గాయని తన నగలు తాకట్టు పెట్టి కీర్తనల ఆల్బమ్ చేసుకున్నారు. విడుదలైన వారం రోజుల్లోనే ఆ ఆల్బమ్ మొత్తం ఒక దొంగ సైటులో కనిపించింది. ఆమె నన్ను అడిగిన ప్రశ్న, "వీళ్లందరికీ నా పాట నచ్చిందనే కదా అనుకోవాలి?" అని. ఆ రోజు నేను సమాధానం చెప్పలేకపోయాను.

పాతబడిన రికార్డింగులు మాత్రం నిజంగానే అందరి సొత్తు అవుతాయి. లెక్క ఇలా వేసుకోండి: ఒక రికార్డు 1965లో విడుదలైతే 1966 జనవరి 1 నుంచి 60 ఏళ్లు లెక్కించాలి, 2025 డిసెంబరు 31తో ఆ రికార్డింగు హక్కు ముగుస్తుంది. అయితే రికార్డింగు హక్కు ముగిసినా, పాట రాసినవారు, వరస కట్టినవారు ఆ తరువాత చాలా కాలం జీవించి ఉంటే వారి హక్కు ఇంకా మిగిలే ఉండవచ్చు. కాబట్టి రెండు లెక్కలూ చూడండి. అదే పాటను 1990లో మళ్లీ కొత్తగా పాడి రికార్డు చేస్తే, ఆ కొత్త రికార్డింగుకు కొత్త లెక్క.

ఇక పాటను సంపాదించుకునే మార్గాలు

ఎక్కువమందికి అనువైనది చందా కట్టే యాప్. జియోసావన్, స్పాటిఫై, యూట్యూబ్ మ్యూజిక్, ఆపిల్ మ్యూజిక్, అమెజాన్ మ్యూజిక్ వంటివి హక్కుదారులతో ఒప్పందాలు చేసుకుని పాటలను వినిపిస్తాయి. స్పాటిఫైలో ఉచితంగా వినవచ్చు గాని, పాటలను ఆఫ్‌లైన్‌లో దాచుకోవడం చందాదారులకే వీలవుతుంది. కొన్నింటిలో విద్యార్థులకు తగ్గింపు చందా ఉంటుంది. మీరు విద్యార్థి అని నిరూపించుకోవలసి ఉంటుంది కనుక కాలేజీ గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకుని ప్రయత్నించండి. నలుగురైదుగురు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఒకే ఇంట్లో ఉంటే కుటుంబ చందా తీసుకుంటే తలకు తక్కువే పడుతుంది. హాస్టలులో సంబంధం లేని మిత్రులందరూ కలిసి కుటుంబంగా చెప్పుకోవడం మాత్రం ఆ యాప్ నిబంధనలకు విరుద్ధం.

ఇలాంటి యాప్‌లో "డౌన్‌లోడ్" అన్న బొత్తాన్ని నొక్కినప్పుడు పాట మీ సొంతం కాదని గుర్తుంచుకోండి. అది యాప్ లోపల తాళం వేసి ఉంచిన ప్రతి. మరో యాప్‌లో వినిపించదు, పెన్‌డ్రైవులోకి ఎక్కదు. స్పాటిఫైలో అయితే కనీసం 30 రోజులకు ఒకసారి ఇంటర్నెట్టుకు కలపకపోతే ఆఫ్‌లైన్ పాటలు వినిపించవు. చందా ఆపేస్తే పాటలూ ఆగిపోతాయి; 2024లో వింక్ మ్యూజిక్ సేవ మూతపడినట్లుగా యాప్ సంస్థే పని ఆపేస్తే, మీరు ఏళ్ల తరబడి కూర్చుకున్న పాటల జాబితా కూడా పోవచ్చు. అందుచేత మీకు ప్రాణమైన పాటల పేర్లను, గాయకుల పేర్లను ఒక కాగితం మీదనో, నోట్స్ యాప్‌లోనో విడిగా రాసి ఉంచుకోండి. ఆ తాళాన్ని ఏదైనా ప్రోగ్రాముతో పగలగొట్టి ఎంపీ3గా మార్చుకోవచ్చని చెప్పేవారు ఉంటారు. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో అలాంటి రక్షణను ఛేదించడం 65ఎ సెక్షను కింద నేరం. దానికి రెండేళ్ల వరకు జైలు శిక్ష ఉంది. యూట్యూబ్ లింకును అతికిస్తే ఎంపీ3 ఇచ్చే సైట్లకు కూడా దూరంగా ఉండండి, ఎందుకంటే యూట్యూబ్ తానే ఇచ్చే సదుపాయం ద్వారా తప్ప మరో విధంగా డౌన్‌లోడ్ చేసుకోవడాన్ని ఆ సంస్థ నిబంధనలు ఒప్పుకోవు.

పాట ఫైలు నిజంగా మీ దగ్గరే ఉండాలంటే కొనుక్కోవాలి. ఆపిల్ వారి ఐట్యూన్స్ స్టోరు 2012 డిసెంబరులో మన దేశంలో ప్రారంభమైంది. అక్కడ కొన్న పాటలకు తాళం ఉండదు. బ్యాండ్‌క్యాంప్‌లో స్వతంత్ర కళాకారులు తామే ధర పెట్టి అమ్ముతారు. కొన్నవారు ఎంపీ3గా గాని, నాణ్యత తగ్గని ఫ్లాక్ రూపంలో గాని తీసుకోవచ్చు. సినిమా పాటలు అక్కడ ఆశించకండి.

చేతిలో డబ్బు లేనివారికి కూడా సక్రమమైన దారి ఉంది. క్రియేటివ్ కామన్స్ అనుమతితో, అంటే కొన్ని షరతులపై అందరూ వాడుకోవచ్చని కర్తే ముందుగా ఇచ్చిన అనుమతితో పెట్టిన సంగీతం ఫ్రీ మ్యూజిక్ ఆర్కైవ్, ఇంటర్నెట్ ఆర్కైవ్ వంటి చోట్ల దొరుకుతుంది. ప్రతి పాట పక్కన ఉన్న అనుమతి గుర్తును తప్పక చదవండి. "బీవై" అంటే కర్త పేరు చెప్పాలి, "ఎన్‌సీ" అంటే వ్యాపారానికి వాడకూడదు, "ఎన్‌డీ" అంటే మార్చకూడదు, "ఎస్ఏ" అంటే మీరు మార్చి తయారుచేసినదాన్ని కూడా అదే అనుమతితో ఇవ్వాలి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఎవరైనా ఏదైనా ఎక్కించవచ్చు కనుక, అక్కడ కనిపించిన ప్రతిదీ సక్రమమని అనుకోవద్దు. ఎక్కించినవారు ఎవరో చూడండి. అన్నమయ్య కీర్తనలు వినడానికే అయితే దేవస్థానం, దాని శ్రీ వేంకటేశ్వర భక్తి ఛానల్ అధికారికంగా పెట్టినవి యూట్యూబ్‌లో చాలా ఉన్నాయి. ఆకాశవాణి తిరుపతి కేంద్రం ప్రసారాలనూ మరచిపోకండి.

ప్రయాణానికి ముందు

నడకదారిలోనూ రాత్రి రైల్లోనూ సిగ్నలు నిలకడగా ఉండదు. ముందు రోజే వైఫై ఉన్న చోట యాప్‌లోని సెట్టింగులు తెరిచి "వైఫైలో మాత్రమే డౌన్‌లోడ్" అన్నది ఎంచుకుని పాటలను దాచుకోండి. తరువాత ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టి ఒక పాట మోగించి చూడండి, మోగితే సిద్ధమైనట్లే. స్థలం లెక్క సులభం: నాలుగు నిమిషాల పాట 320 కేబీపీఎస్ (సెకనుకు 320 కిలోబిట్లు) నాణ్యతలో 9.6 ఎంబీ, 128లో 3.8 ఎంబీ పడుతుంది. వంద పాటలకు మొదటిది ఒక జీబీకి కొంచెం తక్కువ. దొంగ సైట్లలో "320" అని రాసి ఉన్న ఫైళ్లలో చాలా వాటిని 128 నుంచి సాగదీసి చేస్తారు. పరిమాణం పెరుగుతుంది గాని పోయిన ధ్వని తిరిగి రాదు. మంచి ఇయర్‌ఫోనుతో తాళం మోతను, తంబురా నాదాన్ని వింటే ఆ తేడా మీకే తెలుస్తుంది.

స్నేహితుడు "పాట పంపరా" అని అడిగినప్పుడు

ఫైలు పంపకండి, లింకు పంపండి. ఇది ఈ వ్యాసంలో అన్నిటికంటే సులువైన పని, అన్నిటికంటే ఎక్కువ ప్రయోజనం ఉన్న పని కూడా. లింకు ద్వారా వినినప్పుడు ఆ లెక్క పాట చేసినవారి ఖాతాలో చేరుతుంది. 2012 సవరణ తరువాత సినిమా పాటల రచయితలకు, స్వరకర్తలకు కూడా థియేటరు వెలుపలి వినియోగంపై రాయల్టీ హక్కు వచ్చింది; వారి తరఫున వసూలు చేసి పంచే ఐపీఆర్ఎస్ వంటి సంస్థలున్నాయి. బ్లూటూత్‌లో పంపిన ఫైలు ఆ లెక్కలోకి ఎప్పటికీ రాదు.

రీల్స్, కాలేజీ కార్యక్రమాలు

రీల్ చేసేటప్పుడు ఆ యాప్‌లో ఉన్న పాటల జాబితా నుంచే తీసుకోండి. యూట్యూబ్ వీడియోకు నేపథ్య సంగీతం కావాలంటే యూట్యూబ్ స్టూడియోలోని ఆడియో లైబ్రరీ ఉంది. ఇతరుల పాటను అలాగే పెట్టి, కింద "హక్కులన్నీ యజమానివే" అని రాసినంత మాత్రాన రక్షణ రాదు. 90 రోజుల్లో మూడు కాపీరైట్ స్ట్రైకులు (ఉల్లంఘన హెచ్చరికలు) పడితే ఛానలే పోవచ్చు.

కాలేజీలో విద్యార్థులు, అధ్యాపకులు, తల్లిదండ్రులు మాత్రమే ఉన్న కార్యక్రమంలో పాట వినిపించడానికి చట్టంలో మినహాయింపు ఉంది. పెళ్లి ఊరేగింపుకూ ఉంది. టికెట్లు పెట్టి బయటివారిని పిలిచే ఉత్సవానికి మాత్రం ఐపీఆర్ఎస్, రికార్డింగు సంస్థల తరఫున అనుమతులిచ్చే పీపీఎల్ వంటి సంస్థల నుంచి లైసెన్సు తీసుకోవాలి. ఆ సంగతి నిర్వాహకులు ముందుగానే చూసుకోవాలి.

పాత ఫైళ్లను తొలగించడం

ఇప్పుడు మొదట పక్కన పెట్టిన పాటలకు రండి. వాటి పేర్లు రాసుకుని, అవే పాటలను మీ యాప్‌లో వెతికి జాబితాగా పెట్టుకుని, ఆ తరువాత ఫైళ్లను తొలగించండి. దొంగ సైట్ల నుంచి వచ్చిన ఏపీకే యాప్‌లు (యాప్ స్టోరు ద్వారా కాకుండా నేరుగా ఫైలుగా ఎక్కించుకున్నవి) ఉంటే వెంటనే తీసివేయండి. పాటల యాప్‌కు మీ ఎస్ఎంఎస్‌లు చదివే అనుమతి అవసరమే లేదు. ఆ అనుమతి అడిగిందంటే దాని కన్ను మీ బ్యాంకు ఓటీపీ మీద ఉందని అనుమానించాలి. బ్రౌజరు సెట్టింగుల్లో నోటిఫికేషన్ల అనుమతులు చూసి, తెలియని సైట్లను తొలగించండి. ఒకవేళ ఖాతా నుంచి డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి. తొలి గంటల్లో చేసిన ఫిర్యాదుకు ఫలితం దక్కే అవకాశం ఎక్కువ.

ఎక్కడా దొరకని పాట కోసం

కొన్ని పాటలు ఏ యాప్‌లోనూ ఉండవు. గంగమ్మ జాతరలో పాడే స్థానిక కళాకారుల ఆల్బమ్‌లు, చిన్న సంస్థలు కేసెట్ల కాలంలో చేసినవి అలాంటివి. అప్పుడు నేరుగా కళాకారులనే అడగండి. ఈ ఊళ్లో చాలామంది సంగీత కళాశాలలోనో, ఏదైనా ఆలయ కార్యక్రమంలోనో కలుస్తారు. మాట ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే ఇలా రాయవచ్చు: "అమ్మా, నమస్కారం. నేను తిరుపతిలో డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతున్నాను. మీరు పాడిన ఈ కీర్తన నాకు ఎక్కడా దొరకలేదు. దీన్ని నా ఫోనులో దాచుకోవడానికి, మా తరగతి నృత్య ప్రదర్శనలో ఒకసారి వాడుకోవడానికి మీ అనుమతి కోరుతున్నాను. దీని హక్కులు వేరే సంస్థ దగ్గర ఉంటే ఆ సంస్థ పేరు చెప్పగలరు. దీనికి ఇవ్వవలసిన డబ్బు ఉంటే తెలియజేయండి." నాకు తెలిసినంత వరకు ఇలా అడిగినవారిని విసుక్కున్న కళాకారులు లేరు, పాట పంపడమే కాకుండా, అందులో ఏ చరణం ఎలా పాడాలో కూడా చెప్పినవారున్నారు. వారు పంపిన జవాబును స్క్రీన్‌షాట్ తీసి, ఆ పాట ఉన్న ఫోల్డరులోనే, పాట పేరుతో భద్రపరచుకోండి.